దొంగజేబు సంచి

నాకు కోపం ముక్కు మీదనే ఉంటది. గిది నేను దాచుకునే ముచ్చట గాదు. ప్రైవేటు జూనియర్ కాలేజిల కామర్స్ చెప్పేటప్పుడు నా చెప్పుల సప్పుడు వినంగనే పిలగాండ్లు పుస్తకాలు తెరుస్తుండె. గసొంటి నన్ను హైదరాబాదు నించి వచ్చిన ఒక సంస్థోళ్లు పట్టుకొని, "మేడం, మీ గోదావరిఖనిలో తొమ్మిది, పది చదివే పిల్లలకి బడి అయ్యాక సాయంత్రం రెండు గంటలు వ్యాపారం నేర్పించాలండీ" అన్నరు.

వ్యాపారం నేర్పుడేంది, అదేమన్న ఎక్కమా అప్పజెప్పిచ్చుకోనీకి అనుకున్న. కాని ఒద్దనలె. మా ఆయిన బొగ్గుబాయిల ఎలక్ట్రీషియన్. ఆయిన ఫస్టు షిఫ్టు నించి వచ్చి పండుకుంటె ఇల్లంత సప్పుడు లేకుంట ఉండాలె. గిన్నె కింద పడ్డా నేరమే. ఆ రెండు గంటలు బయట ఉంటె నాకు గూడ ఊపిరాడుతదని ఒప్పుకున్న.

వాళ్లొక పుస్తకమిచ్చిన్రు. మొదటి పాఠం నిమ్మకాయ నీళ్ల దుకాణం. బొమ్మల చూస్తె ఇంటి ముందట పచ్చటి గడ్డి, గడ్డి మీద బల్ల, బల్ల మీద గాజు గ్లాసులు. మా క్వార్టర్ల ముందట పొద్దుగాల ఊడిస్తె పగటీలికి మళ్ల బొగ్గుదుమ్ము పేరుకుంటది. ఆ గాజు గ్లాసుల నీళ్లు ఎవల్తాగాలె? పుస్తకం మూసి బల్ల సొరుగుల పెట్టిన. మళ్ల తియ్యలె.

క్వార్టర్ల మధ్యల ఉన్న కమ్యూనిటీ హాలు మా క్లాసు. ఇరవై మంది పిల్లలు. అందరు బాయి కార్మికుల పిల్లలే. మొదటి రోజు "పెద్దగైనంక ఏం చేస్తరు?" అని అడిగిన. అందరిదొకటే మాట, బొగ్గు కంపెనీల నౌకరి. ఒకడైతె లేచి నిలబడి, "మా బాపు డాక్టర్ల కాడ అన్‌ఫిట్ అయితె ఆయిన నౌకరి నాకస్తది టీచర్" అన్నడు. వానికి అది మామూలు ముచ్చటే. నాకు మాత్రం పానం సురుక్కుమంది. "కూసో, మీ బాపు సల్లగుండాలె" అని కసిరిన.

వారం దినాలల్ల వాళ్లే ఒక వ్యాపారం పెట్టుకోవాలె అన్న. ఏం అమ్ముతరో ఇంకా తెల్వది. మర్నాడు వచ్చి చూస్తె హాల్ల గోడకు కాయితం అతికిచ్చి ఉన్నది. అచ్చం బాయిల లెక్కనే పోస్టులు, టైం కీపర్ ఒకడు, సర్దార్ ఒకడు, ఓవర్‌మెన్ ఒకామె. హాజరేసే మస్టర్ బుక్కు తయారు. షిఫ్టులు రెండు. ఇంకో రెండు రోజులకు యూనియన్ ఎన్నికలు పెట్టుకున్నరు, గెలిచినోడు దండ గూడ ఏసుకున్నడు. పని ఇంకా పుట్టనే లేదు, సమ్మె నోటీసు మాత్రం నా బల్ల మీదికొచ్చింది. డిమాండు ఏందంటె క్లాసు మధ్యల చాయ్, మిర్చి బజ్జి. నేను నవ్వాపుకోలేక బయటికి పోయి నవ్వుకొని, లోపటికొచ్చి కోపంగ మొకం పెట్టిన. బజ్జీలు తెప్పిచ్చిన. గట్ల మా కంపెనీల మొదటి సమ్మె గెలిచింది.

"అన్ని పోస్టులు నిండినై. ఓనర్ ఎవరు?" అని అడిగిన.

ఒక్కడు చెయ్యెత్తలె. ఒకళ్ల మొకం ఒకళ్లు చూసుకున్నరు. ఆఖరికి యూనియన్ లీడరే అన్నడు, "ఓనరైతె ఏం తప్పు జరిగినా ఆయిన్నే తిడ్తరు టీచర్. మాకొద్దు."

నల్లబోర్డు మీద పైన "ఓనర్" అని రాసి, పక్కన జాగ ఇడిసిపెట్టిన. ఆ జాగ రెండు నెలలు ఖాళీగనే ఉన్నది. రోజు వచ్చి బోర్డు తుడుస్తరు, ఆ ఒక్క మాట తుడువరు.

కిటికి పక్కన ఒక పిల్ల కూసుంటుండె. పదో తరగతి. రెండు జడలు, ఒక రిబ్బను ఎప్పుడు ఊడిపోయే ఉంటది. మాట్లాడది. వాళ్లవ్వ ఇంట్ల జాకెట్లు కుడ్తది. బాపు బాయిల బొగ్గు నింపే పని. ఒకనాడు అందరు పోయినంక ఆ పిల్ల నిలబడ్డది. ఏందే అన్న.

"టీచర్, మా బాపు రోజు డ్యూటికి పొయ్యేటట్టు చేసే వ్యాపారమేదన్న ఉంటదా?"

నేను గన్నేండ్లు కామర్స్ చెప్పిన. గసొంటి ప్రశ్న ఏ పుస్తకంల లేదు.

మెల్లగ అడిగితె చెప్పింది. వాళ్ల బాపు రెండేండ్ల సంది సగం రోజులు డ్యూటికి పోతలేడు. పొద్దున సైరన్ కూస్తది, లేస్తడు, బూట్లేసుకుంటడు, గడప మీద కూసుంటడు, గంతే. మస్టర్లు తక్కువైనయని చార్జిషీటు వచ్చింది. ఎంక్వైరి అయింది. ఆఖరి అవకాశం అని రాసిచ్చిన్రు. మూడు నెలలు ఒక్క నాగా పడద్దు. పడితె నౌకరి పోతది, నౌకరి పోతె క్వార్టర్ పోతది. బస్తిల అందరు ఆయిన్ను తాగుబోతు, సోమరిపోతు అంటరు. ఆ పిల్లకు గూడ ఎర్కనే.

"పొద్దుగాల చేతికి ఏదన్న ఇస్తె లేస్తడేమొ టీచర్. కొత్త సంచి కుట్టియ్యనా? నేను కుట్టిన అంటె పోతడేమొ."

గదీ మా వ్యాపారం పుట్టిన తీరు. సద్దిడబ్బ, నీళ్ల సీస పట్టే సంచి, భుజానికి తగిలిచ్చుకునేది, బాయి కార్మికులకు. మర్నాడు క్లాసుల చెప్తె పిల్లలందరు ఎగిరి గంతేసిన్రు. వాళ్లందరి ఇండ్లల్ల బాపులు సద్దిడబ్బలను చిరిగిన చేతిసంచులల్ల, సిమెంటు సంచి ముక్కలల్ల తీస్కపోయేటోళ్లే. టైం కీపర్, సర్దార్ అందరు పోస్టులు మర్శిపోయి కత్తెర్లు పట్టిన్రు. చౌరస్తల టైలర్ల కాడ మందంగున్న కాకిబట్ట ముక్కలు తెచ్చిన్రు. వాళ్లవ్వ మిషిని మీద ఆ పిల్లనే కుట్టింది. మొగపిల్లలు గూడ గుండీలు కుట్టుడు నేర్సుకున్నరు. ఎంత ముద్దొచ్చిన్రో చెప్పరాదు. నా కోపమంత ఏ గంగల కలిసిందో ఆ నెల రోజులు.

కుట్టే ముందు నేనొక పని పెట్టిన. "కొనేటోళ్లకు ఏం కావాలెనో అడిగి రాండ్రి." పోయి రాసుకొచ్చిన్రు. చూస్తె అన్ని కాయితాల మీద ఒక్కటే ఉన్నది. పైసలకు, సెల్‌ఫోనుకు లోపట ఒక దొంగజేబు ఉండాలె.

మస్తు మెచ్చుకున్న నేను. "గిదే కొత్తదనమంటె!" అని చప్పట్లు కొట్టిచ్చిన. ఎవల్నడిగిన్రు అని మాత్రం అడుగలె. వాళ్లు అడిగింది కన్న అవ్వలను.

మా దిక్కు ఇండ్లల్ల ఒక పద్ధతి ఉన్నది. బాయి ముచ్చట ఇంట్ల తియ్యద్దు. తీస్తె మంచిది గాదని అత్తలు కోడండ్లకు చెప్తరు, కోడండ్లు పిల్లలకు చెప్తరు. మొగోడు డ్యూటి దిగి వస్తడు, తానం చేస్తడు, తింటడు, పంటడు. కిందేమైందని ఎవరు అడుగరు, ఆయిన చెప్పడు. పిల్లలు బాపుల కొరకు సంచి కుడ్తూ బాపులనొదిలి అవ్వలనడిగిన్రంటె అది వాళ్ల తప్పు గాదు. కొత్తగ పెండ్లయి వచ్చిన్నాడు మా అత్త నాకు గూడ గదే చెప్పింది. నేను పదహారేండ్ల సంది ఆ మాట మీదనే ఉన్న.

పన్నెండు సంచులు తయారైనయి. ఒక సోమారం పొద్దున ఏడు గంటల షిఫ్టుకు పన్నెండు మంది బాపులు కొత్త సంచులు తగిలిచ్చుకొని పోవాలె, సాయంత్రం వచ్చి ఎట్లున్నదో చెప్పాలె. గదీ ఏర్పాటు.

ఆ సాయంత్రం నేను హాలుకు పోయేసరికి పిల్లలందరు గోడకానుకొని కూసున్నరు. ఆ పిల్ల మాత్రం మోకాళ్లల్ల తల పెట్టుకొని వెక్కిళ్లు పెడ్తున్నది. ఏమైందే అంటె యూనియన్ లీడరే చెప్పిండు.

బాయిల దిగే ముందు అందర్ని తనిఖీ చేస్తరు. బీడీలు, అగ్గిపెట్టెలు, ఫోన్లు కిందికి పోవద్దు. కింద గ్యాసుంటది, నిప్పు రవ్వ పడితె అందరి పానాలు పోతయి. తనిఖీ చేసేటాయినకు సంచుల దొంగజేబు దొరికింది. "గిదేంది, దాచుకపోనీకి కుట్టిచ్చుకున్నరా?" అని పన్నెండు సంచులు పక్కకు పెట్టమన్నడు. పదకొండు మంది డబ్బలు చేతుల పట్టుకొని సంచులను కుప్పల ఏసి దిగిపోయిన్రు. ఆ పిల్ల వాళ్ల బాపు మాత్రం ఏయలె. ఆ కుప్పేసిన కాడ బురద, బొగ్గుపొట్టు. "నా బిడ్డ కుట్టింది. గీడ పారెయ్య, ఎక్కడన్న తగిలిస్త" అన్నడట. తగిలిచ్చే జాగ లేదు. మాట మీద మాట పెరిగింది. వెనుక లైను ఆగింది. మస్టర్ టైం దాటిపోయింది. ఆయిన సంచి భుజానికేసుకొని ఇంటికొచ్చిండు.

నా తల కొట్టేసినట్టయింది. బాయిల పనిచేసేటాయిన పెండ్లాన్ని నేను. ఫోను తీస్కపోవద్దని, లోపట జేబుంటె ఒప్పుకోరని, ఇంట్ల ఒక్క మాట అడిగితె తెలుస్తుండె. చప్పట్లు కొట్టిచ్చిన ఈ చేతులను ఏమనాలె! ఆ పిల్ల ముందట కూసొని, "తప్పు నాదే బిడ్డా, నేను పోయి మాట్లాడ్త" అన్న.

ఆ పిల్ల తలెత్తింది. కండ్లు తుడుచుకున్నది. లేచి బోర్డు కాడికి పోయింది. రెండు నెలల సంది ఖాళీగ ఉన్న జాగల సుద్దముక్కతోని తన పేరు రాసింది.

"నేను చెప్త టీచర్. మీరు తోడు రాండ్రి."

పదిహేనేండ్ల పిల్ల! నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి.

బాయి ఆఫీసుకు పోయినం, ఆ పిల్ల, నేను, మా వెనుక చెప్పకుంటనే ఇంకో పందొమ్మిది మంది. ఆఫీసరు కోస్తా దిక్కు నించి వచ్చినాయన. అవి తెలంగాణ కావాలెనని రోజు ర్యాలీలు తీసే దినాలు. నా మనసుల ఆయిన మీద ముందుగాలనే కోపమున్నది, నిజం చెప్పాలె గదా. మాటకు మాట చెప్పాలెనని తయారైపోయిన. ఆ పిల్ల నాకు అవకాశమే ఇయ్యలె. సంచి తీసి బల్ల మీద పెట్టి, లోపలి జేబు బయటికి తిప్పి చూపిచ్చింది.

"సార్, గీ సంచి మా కంపెనీది. ఓనర్ను నేనే. జేబు పెట్టింది నేను. కింద ఫోన్లు పోవద్దని నాకు తెల్వది, అడుగాల్సింది, అడుగలె. మా బాపు టైంకే వచ్చిండు. ఆయినది తప్పు లేదు. మీరు నాగా రాస్తె తప్పు చేసింది ఒకలు, దెబ్బ పడేది ఒకలకు."

ఆఫీసరు చాలాసేపు ఆ సంచి తిప్పి తిప్పి చూసిండు.

"కిందకి దిగని మనిషికి మస్టర్ వెయ్యలేనమ్మా. అది నా చేతుల్లో లేదు" అన్నడు. ఆయిన పెన్ను తీసి మళ్లన్నడు, "టయానికి డ్యూటీకి వచ్చాడు, గేటు దగ్గర ఆగిపోయాడు, తప్పు అతనిది కాదు. ఇలా రాసి సంతకం పెడతాను. గైర్హాజరు కింద రాయరు. సరేనా?" ఆ పిల్ల తలూపింది. ఆయిన సంచి తిరిగిచ్చుకుంట, "ఆ జేబు తీసేసి మళ్లీ పంపించు. కుట్టు బాగుంది" అన్నడు. నా లోపటి కోపానికి నాకే సిగ్గనిపిచ్చింది. ఆయిన్ను మంచోడని ఆనాడు బయట చెప్పిన్నా అంటె, చెప్పలె. ఇప్పుడు చెప్తున్న.

మర్నాడు ఆ పిల్ల వాళ్ల బాపు డ్యూటికి పోయిండు. జేబు కుట్లు ఇప్పేసిన సంచి తోనే పోయిండు. సాయంత్రం నాలుగున్నరకు క్లాసుకొచ్చిండు. తానం చేసి, తల దువ్వుకొని, ఆ సంచి చేతుల పట్టుకొని గుమ్మం కాడ నిలబడ్డడు. "టీచరమ్మా, ఒక్క మాట చెప్పి పోత" అన్నడు. కుర్చి వేస్తె కూసోలె. పిల్లల నడుమ కింద కూసున్నడు. ఇరవై మంది పిల్లలు, వాళ్ల మధ్యల గంత పెద్ద మనిషి. సంచి ముందట పెట్టిండు. ఒక మూల కొరికి చిల్లు పడ్డది.

"ఎలుకలు కొట్టినయి. కింద ఎలుకలు ఉంటయి బిడ్డా. సంచి నేల మీద పెట్టరాదు, కప్పుకు ఆపు పెట్టిన దుంగకు మొల కొట్టి తగిలిస్తం. దీనికి తాడు పొడుగైంది, తగిలిస్తె నేలకే ఆనుతది. పొట్టి కొక్కెమొకటి కుట్టాలె."

"ఎలుకలను చంపరా కాక?" అన్నడు ఒకడు.

"అవ్వో! చంపుడా? మేము తినేముందు రెండు మెతుకులు వాటికేసి తింటం. పైన కప్పు కదిలేది ముందుగాల వాటికే ఎర్క. అవి ఉరికితె మేం ఉరుకుతం."

పిల్లలు నోరు తెరిచి వింటున్నరు. పైకెల్లి నీళ్లు కారుతుంటయని, లోపట ప్లాస్టిక్ పొర కుట్టాలెనని చెప్పిండు. తల మీది లైటు ఎటు తిరిగితె అటే లోకమని చెప్పిండు. పని ఆగినప్పుడు కిందుండే సప్పుడు లేనితనం గురించి చెప్పిండు. మాట్లాడడు, తాగుబోతు అని పేరు పడ్డ మనిషి గంటసేపు చెప్పిండు. చెప్పుకుంట చెప్పుకుంట ఒక్కకాడ ఆగిండు.

"రెండేండ్ల కింద నా పక్కన తింటున్న దోస్తు మీద కప్పు పడ్డది. నేను చెయ్యి కడుక్కోనీకి నాలుగడుగులు జరిగిన, గందుకే బతికిన. అప్పటి సంది పొద్దున బూట్లేసుకుంటె కాళ్లు లేస్తలేవు. గంతే. తాగి గాదు."

ఆ పిల్ల ఊడిపోయిన రిబ్బను వేలికి చుట్టుకుంట మెల్లగ అడిగింది.

"ఇంట్ల ఎందుకు చెప్పలె బాపూ?"

"ఎవరడిగిన్రు బిడ్డా?"

ఆయిన ఆ మాట కోపంగ అనలె. నిజంగనే అడిగిండు. ఆ పిల్ల లేచిపోయి ఆయిన భుజానికానుకొని కూసున్నది. పక్కనున్న యూనియన్ లీడర్ ఏడ్సిండు, ఏడ్సుడు కనబడద్దని సంచి మొకానికి అడ్డం పెట్టుకున్నడు. లేచి పోయేటప్పుడు ఆయిన నా దిక్కు తిరిగి, "మీ సారు గూడ బాయిలనే గదమ్మా. ఆయిన సంచి ఏడ తగిలిస్తడో మీకు ఎర్కనే ఉంటది, అడిగి పిల్లలకు చెప్పుండ్రి" అన్నడు.

నేను తలూపిన. నాకు ఎర్క లేదు.

ఆ పిల్ల వాళ్ల బాపు ఆ మూడు నెలలు ఒక్క నాగా పెట్టలె. పెట్టలేదంటె సులువుగ అయిందని గాదు. ఎన్నో పొద్దులు ఆ పిల్ల సంచి పట్టుకొని బాయి గేటు దాక ఆయిన పక్కన నడిచింది, తోవ పొడుగూత కింది ముచ్చట్లు అడుక్కుంట. నౌకరి నిలబడ్డది, క్వార్టర్ నిలబడ్డది. పొట్టి కొక్కెం, ప్లాస్టిక్ పొర ఉన్న సంచులు బాయిల మీద కనబడుడు మొదలైంది. కాసిపేట దిక్కు బాయిల నించి గూడ మనుషులు వచ్చి అడిగిన్రు. తెలంగాణ వచ్చేనాటికి ఆ పిల్ల మంచిర్యాలల నలుగురు ఆడోళ్లతోని కుట్టు దుకాణం నడుపుతుండె. ఏది కుట్టాలన్నా వేసుకునేటోళ్లను ఎదురుంగ కూసోబెట్టుకొని అడుగుతదట. నేను నేర్పిన అంటరు అందరు. నేనేం నేర్పిన? ఆ పిల్ల దగ్గర నేనే నేర్సుకున్న.

ఆ పిల్ల వాళ్ల బాపు క్లాసుకొచ్చిన ఆ సాయంత్రం నేను ఇంటికి పోయేసరికి మా ఆయిన నిద్ర లేచి గడప మీద కూసొని ఉన్నడు. చాయ్ ఇచ్చిన. పక్కన కూసున్న. ఎప్పుడు గట్ల కూసోను, ఏమైందని చూసిండు. నాకు అడుగబుద్ధి ఐతున్నది, నోరు రాదు. మా అత్త మాట అడ్డం పడ్డది. ఇరవై మంది పిల్లలను గద్దిచ్చే నోరు!

"కింద నీ సంచి ఏడ తగిలిస్తవు?" అన్న.

చాయ్ గ్లాసు నోటి కాడ ఆగింది. తర్వాత గ్లాసు కింద పెట్టి, "పంపు కాడ ఒక మొల ఉంటది" అని మొదలువెట్టిండు. దీపాలు పెట్టేయాల్ల దాక చెప్తనే ఉన్నడు. చాయ్ సల్లారిపోయింది. మళ్ల వేడి చెయ్యనీకి నేను లేవలె.